చెత్తగుట్ట మీథేన్: మోడల్ అంకె ఒకటి, కొలతలు మరొకటి. నివేదికలో ఏది రాయాలి?

నేలగాలి

ఒక వైపు మట్టి కప్పి మూసేసిన భాగం, మరో వైపు ఇంకా రోజూ చెత్త పోస్తున్న భాగం ఉన్న ఒక పెద్ద ల్యాండ్‌ఫిల్ మీద నేను కొంతకాలంగా మీథేన్ ఉద్గారాలను కొలుస్తున్నాను. ఇప్పుడు నా చేతిలో మూడు అంకెలు ఉన్నాయి, మూడింటికీ పొంతన లేదు. కప్పు మట్టి మీద అక్కడక్కడ ఫ్లక్స్ ఛాంబర్లు (నేలలోంచి వచ్చే వాయువును పట్టి కొలిచే మూత పెట్టెలు) బోర్లించి కొలిచి, ఆ సగటును మొత్తం వైశాల్యంతో గుణిస్తే వచ్చినది అన్నిటికంటే చిన్నది. గుట్ట మీద ఎసిటిలీన్‌ను జాడ చూపే వాయువుగా (ట్రేసర్) తెలిసిన వేగంతో వదిలి, గాలి వీచే దిక్కున దూరంగా బండిలో తిరుగుతూ, గాలిలో మీథేన్‌కూ ఎసిటిలీన్‌కూ ఉన్న నిష్పత్తిని బట్టి కట్టిన లెక్క అన్నిటికంటే పెద్దది. ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘం) చెప్పిన మొదటి క్రమ క్షయ మోడల్ ఇచ్చిన అంకె ఈ రెంటికీ మధ్యలో పడింది.

ల్యాండ్‌ఫిల్‌ను నడిపే వారు నిబంధనలు మోడల్ అంకెనే అడుగుతున్నాయని, మిగిలిన రెండూ నివేదికలో అక్కర్లేదని అంటున్నారు. నాకు అది సమ్మతం కాదు. అయితే మూడు అంకెలను పక్కపక్కన పెట్టి, ఎందుకు తేడా వచ్చిందో చెప్పకుండా వదిలేస్తే చదివేవారు మూడింటినీ నమ్మరు. ఈ పని చేసినవారు దీన్ని ఎలా రాశారో చెప్పగలరా?

లెక్కలబడి

మోడల్ అంకెను తీసిపారేయకండి, కానీ అది దేని అంకె అన్నది స్పష్టంగా రాయండి. మొదటి క్రమ క్షయ మోడల్ గాలిలోకి ఎంత వెళ్లిందో చూడదు. పోసిన చెత్తలో కుళ్లగల కర్బనం ఎంత, అందులో సగం కుళ్లుతుందన్న అంచనా, పుట్టిన వాయువులో సగం మీథేన్ అన్న అంచనా, ఏటా ఎంత వేగంగా కుళ్లుతుందన్న స్థిరాంకం, వీటితో పుట్టుకను లెక్కిస్తుంది. ఆ పుట్టుకలోంచి గుట్టలో దించిన గ్యాస్ బావుల ద్వారా లాగిన వాయువును తీసివేసి, కప్పు మట్టి ఆక్సీకరణం చేస్తుందనుకున్న (కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుందనుకున్న) భాగాన్ని కూడా తీసివేస్తే మిగిలినదే మీ నివేదికలో ఉద్గారం అయి కూర్చుంటుంది.

ఇందులో ప్రతి మెట్టూ జారేదే. క్షయ స్థిరాంకాన్నే చూడండి. ఐపీసీసీ 2006 మార్గదర్శకాల్లో తేమ ఎక్కువగా ఉండే ఉష్ణమండలానికి ఆహార వ్యర్థాల స్థిరాంకం 0.4, అంటే సుమారు 1.7 ఏళ్లలో సగం కుళ్లిపోతుంది. కాగితానికి 0.07, అంటే దాదాపు 10 ఏళ్లు. చెక్కకు 0.035, దాదాపు 20 ఏళ్లు. అదే పొడి సమశీతోష్ణ ప్రాంతంలో ఆహార వ్యర్థాలకు 0.06 వాడాలి. చెత్తలో ఏది ఎంత ఉందో పాత రికార్డుల్లో సరిగా లేకపోతే, పుట్టుక లెక్క తప్పడం ఒక్కటే కాదు, ఏ ఏడు ఎంత పుట్టిందన్న కాలక్రమం కూడా తప్పుతుంది. మీరు ఏ స్థిరాంకాలు వాడారు? మొత్తం చెత్తకు కలిపి ఒకటే వాడారా, రకం వారీగా విడగొట్టారా?

నేలగాలి

రకం వారీగానే. కానీ పాత సంవత్సరాల చెత్త స్వభావం గురించి నమ్మదగిన రికార్డు లేదు. తూకం యంత్రం పెట్టక ముందు కాలానికి లారీల సంఖ్యను బట్టి వేసిన అంచనాలే ఉన్నాయి.

బావికాపరి

గ్యాస్ బావుల నిర్వహణలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి ఛాంబర్ల అంకె గురించి చెబుతాను. ఛాంబర్‌ను మీరు చదునైన చోట, మట్టి బాగా ఉన్న చోట బోర్లిస్తారు, ఎందుకంటే అక్కడే అది సరిగా కూర్చుంటుంది. వాయువు అక్కడినుంచి రాదు. కప్పు కుంగి పగిలిన చోట, వాలుల అంచుల్లో, పాత చెత్త మీద కొత్త చెత్త అతికిన గీత వెంట, బావి గొట్టం మట్టిలోకి దిగే చోట దాని చుట్టూ, ఊటనీటి (చెత్తలోంచి ఊరి దిగే మురికినీటి) మ్యాన్‌హోళ్ల మూతల దగ్గర వస్తుంది. మొత్తం ఉద్గారంలో పెద్ద వాటా కొద్ది చోట్ల నుంచే పోతుంది. ఆ కొద్ది చోట్లు మీ ఛాంబర్ కింద లేకపోతే సగటు ఎప్పుడూ తక్కువే వస్తుంది.

అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. చెత్త పోస్తున్న భాగంలో మీరు ఛాంబర్లు పెట్టలేదు, పెట్టడం సాధ్యం కాదు, లారీలూ బుల్‌డోజర్లూ తిరుగుతుంటాయి. అక్కడ బావులు కూడా ఉండవు. అమెరికా నిబంధనల ప్రకారం చూసినా, ఇంకా చెత్త పోస్తున్న భాగంలో చెత్త వేసిన 5 ఏళ్లకు గానీ బావి పెట్టాల్సిన బాధ్యత రాదు, మూసేసిన భాగంలో అయితే 2 ఏళ్లు. పైన లెక్కలబడి గారు చెప్పిన 1.7 ఏళ్ల సగం కాలాన్ని దీని పక్కన పెట్టి చూడండి. బావి వచ్చేసరికి ఆహార వ్యర్థాల మీథేన్ చాలా వరకు గాలిలో కలిసిపోయి ఉంటుంది.

లెక్కలబడి

బావికాపరి గారి మాటకు లెక్క కూడా ఉంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ల్యాండ్‌ఫిల్‌లో పడిన ఆహార వ్యర్థాల కర్బనంలో సగం 3.6 ఏళ్లలోనే వాయువుగా మారిపోతుంది. వాటి నుంచి పుట్టే మీథేన్‌లో 61 శాతం సేకరణ వ్యవస్థకు చిక్కదు. ఆ దేశపు మున్సిపల్ ల్యాండ్‌ఫిల్‌ల నుంచి తప్పించుకు పోయే మీథేన్‌లో 58 శాతం ఆహార వ్యర్థాలదేనని వారి అంచనా. నేలగాలి గారి మూడు అంకెల తేడాలో పెద్ద భాగం ఇక్కడే ఉందని నా అనుమానం. ట్రేసర్ పద్ధతి మొత్తం గుట్టను చూసింది, ఛాంబర్లు మూసిన భాగాన్నే చూశాయి.

పొరుగిల్లు

నేను శాస్త్రవేత్తను కాను, ఇలాంటి గుట్టకు గాలివాటున ఉండే ఇంట్లో ఉంటాను. కొన్ని తెల్లవారుజాముల్లో కిటికీలు తెరవలేనంత వాసన వస్తుంది, కొన్ని రోజులు ఏమీ ఉండదు. ఫిర్యాదు చేస్తే కొలతలు తీసుకునేవారు మధ్యాహ్నం వచ్చి, అంతా పరిమితుల్లోనే ఉందని రాసుకుని వెళతారు. ఆ వాసన మీథేన్‌దేనా? వాసన లేని రోజున మీథేన్ లేనట్టేనా?

మట్టిపొర

కాదు, పొరుగిల్లు గారూ. మీథేన్‌కు వాసన లేదు. మీకు తెలిసేది హైడ్రోజన్ సల్ఫైడ్, మెర్‌కాప్టాన్లు, కొన్ని కర్బన ఆమ్లాలు, ఇవన్నీ కలిసినా వాయువులో ఒక శాతం కూడా ఉండవు. కూల్చిన భవనాల జిప్సం పలకలు చెత్తలో కలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ బాగా పెరుగుతుంది, ప్రాణవాయువు లేని చోట బ్యాక్టీరియా జిప్సంలోని సల్ఫేట్‌ను అలా మారుస్తుంది. కాబట్టి వాసన లేనంత మాత్రాన మీథేన్ లేదని అనుకోకూడదు. ఇంకొక జాగ్రత్త ఉంది. హైడ్రోజన్ సల్ఫైడ్ సుమారు 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 100 భాగాలు) దగ్గర ముక్కును మొద్దుబారుస్తుంది, అందువల్ల మూసి ఉన్న మ్యాన్‌హోల్‌లోకి దిగేవారు ముక్కును నమ్ముకోకూడదు.

తెల్లవారుజామున వాసన పెరగడానికి కారణం చాలా వరకు గాలి. రాత్రి నేల చల్లబడి గాలి కదలక నిలిచిపోతుంది, బయటికి వచ్చిన వాయువు పైకి చెదరకుండా నేల మీదే పరుచుకుంటుంది. మధ్యాహ్నం ఎండకు గాలి కలగాపులగమై గాఢత పడిపోతుంది. మీ ఇంటి దగ్గర గాఢత తగ్గినంత మాత్రాన గుట్ట నుంచి వెలువడేది తగ్గినట్టు కాదు. మధ్యాహ్నం ఒక్కసారి తీసిన కొలత మీ ప్రశ్నకు జవాబు కాదని మీరు గట్టిగా చెప్పవచ్చు.

బావికాపరి

దానికి పీడనం కూడా కలపాలి. వాతావరణ పీడనం పడుతుంటే గుట్ట ఊపిరి వదిలినట్టు వాయువు బయటికి వస్తుంది, పీడనం పెరుగుతుంటే లోపలే ఆగుతుంది. ఇది చిన్న విషయం కాదు. ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో లోస్కో అనే ఊళ్లో 1986 మార్చి 24న ఒక ఇల్లు పేలిపోయింది, లోపల ఉన్న ముగ్గురూ గాయపడ్డారు. దగ్గరలోని ల్యాండ్‌ఫిల్ నుంచి వాయువు భూమి పొరల గుండా పాకి ఆ ఇంట్లో చేరింది. పేలుడుకు ముందు సుమారు 7 గంటల్లో వాతావరణ పీడనం 29 మిల్లీబార్లు పడిపోయింది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ ఘటన తరువాతే ల్యాండ్‌ఫిల్ సరిహద్దుల్లో భూమిలోపలి వాయువును కొలిచే బోర్ల మీద శ్రద్ధ పెరిగింది.

నేలగాలి గారూ, మీ ట్రేసర్ కొలత తీసిన రోజున పీడనం పడుతోందా, పెరుగుతోందా?

నేలగాలి

పడుతోంది. వాన మేఘాలు పట్టే ముందు గాలి నిలకడగా ఒక దిక్కున వీస్తుందని ఆ రోజును ఎంచుకున్నాం.

లెక్కలబడి

అయితే పెద్ద అంకెలో కొంత భాగం ఆ రోజుది, ఏడాదిది కాదు. దాన్ని 365తో గుణించి వార్షిక ఉద్గారం అని రాయడానికి నేను ఒప్పుకోను.

ఆకాశకన్ను

లెక్కలబడి గారి జాగ్రత్త సరైనదే, అయినా కొలతలు పెద్దగా రావడం ఒక్క గుట్ట సంగతి కాదు. అమెరికాలో 2018 నుంచి 2022 దాకా విమానాలకు కట్టిన స్పెక్ట్రోమీటర్లతో (కాంతిని బట్టి వాయువును గుర్తించే పరికరాలతో) 200కు పైగా ల్యాండ్‌ఫిల్‌లను చూసిన అధ్యయనం 2024లో వెలువడింది. వాటిలో 52 శాతం మీద పై నుంచి చూడగలిగినంత పెద్ద మీథేన్ ధారలు కనిపించాయి. కొలిచిన ఉద్గారాలు ఆ ల్యాండ్‌ఫిల్‌లు ప్రభుత్వానికి నివేదించిన అంకెలకు సగటున 1.4 రెట్లు. కనిపించిన ధారలు చాలా చోట్ల నెలల తరబడి, ఏళ్ల తరబడి సాగాయి, అంటే అవన్నీ పీడనం పడిన ఒక్క రోజు విశేషాలు కావు.

2022లో వచ్చిన మరో అధ్యయనం ఉపగ్రహాలతో బ్యూనస్ ఎయిర్స్, ఢిల్లీ, లాహోర్, ముంబై నగరాలను చూసింది. ఆ నగరాల మొత్తం మీథేన్ ఉద్గారాలు అప్పటి ఉద్గారాల జాబితాల్లో ఉన్న అంకెలకు 1.4 నుంచి 2.6 రెట్లు ఉన్నాయి, అక్కడి ల్యాండ్‌ఫిల్‌లు ఒక్కొక్కటి గంటకు 3 నుంచి 29 టన్నుల మీథేన్ వదులుతున్నట్టు తేలింది. ముందు ఉపగ్రహంలోని ట్రోపోమీ అనే పరికరం, దాని చిత్రంలో ఒక్కో చుక్క సుమారు 5.5 కిలోమీటర్లు × 7 కిలోమీటర్ల నేలను చూస్తుంది, ఎక్కడ మీథేన్ పేరుకుందో పట్టుకుంది. తరువాత సుమారు 25 మీటర్ల స్పష్టత గల జీహెచ్‌జీశాట్ ఉపగ్రహాలు ఏ గుట్ట, గుట్టలో ఏ మూల అన్నది చూపాయి.

లెక్కలబడి

విమానమూ ఉపగ్రహమూ పెద్ద ధారలనే చూస్తాయి, మబ్బులుంటే ఏమీ చూడవు, పగటి వేళలోనే చూస్తాయి. గుట్ట అంతటా పలచగా పరుచుకుని వచ్చే వాయువు వాటికి అందదు. కాబట్టి వాటి అంకె కొన్ని చోట్ల అసలు ఉద్గారం కంటే తక్కువ కూడా కావచ్చు. నేను కొలతకు వ్యతిరేకిని కాను, ఏ కొలత ఏ కిటికీలోంచి చూసిందో రాయమంటున్నాను.

ఆకాశకన్ను

అందులో మన ఇద్దరికీ తగవు లేదు. కానీ మోడల్ అంకెకు మీరు ఇన్ని షరతులు రాయించరు కదా. నిబంధనల్లో ఉన్నంత మాత్రాన దాన్ని మచ్చలేనిదిగా చూస్తారు, కొలతను మాత్రం ప్రతి అడుగునా నిలదీస్తారు. నాకు అభ్యంతరం ఉన్నది ఈ తేడా మీదనే.

మట్టిపొర

మోడల్‌లోని ఆక్సీకరణ గుణకం గురించి ఎవరూ మాట్లాడలేదు. మట్టి కప్పిన ల్యాండ్‌ఫిల్‌కు ఐపీసీసీ ఇచ్చిన విలువ 10 శాతం, కప్పు లేని గుట్టకు సున్నా. నిజంగా మట్టిలో జరిగేది ఈ రెండు విలువలకు లొంగదు. ప్రాణవాయువు దిగగల పై పొరలో మీథేన్‌ను తిని బతికే బ్యాక్టీరియా ఉంటుంది. 25 నుంచి 35 డిగ్రీల వేడి, తగినంత తేమ, గాలి ఆడే మట్టి దొరికితే కింది నుంచి వచ్చిన మీథేన్‌ను దాదాపు మొత్తంగా కార్బన్ డయాక్సైడ్‌గా మార్చగలదు. మట్టి ఎండి బీటలు వారితే వాయువు బీట గుండా నిమిషాల్లో దాటిపోతుంది, బ్యాక్టీరియాకు సమయమే దొరకదు. మట్టి నీటితో నిండితే ప్రాణవాయువు దిగదు. అందుకే అదే కప్పు ఒక ఋతువులో చాలా మేలు చేస్తుంది, ఇంకో ఋతువులో ఏమీ చేయదు. 2009లో పాత పరిశోధనలన్నింటినీ కలిపి చూసిన సమీక్షలో సగటు 36 శాతం తేలింది, కానీ ఆ సగటు వెనక ఉన్న వ్యాప్తి చాలా పెద్దది.

దీన్ని మీరు ఊహించనవసరం లేదు, నేలగాలి గారూ, కొలవవచ్చు. ఈ బ్యాక్టీరియా తేలికైన కర్బనం ఉన్న మీథేన్‌ను ముందు తింటుంది, మిగిలిన మీథేన్‌లో కర్బనం-13 (బరువైన కర్బనం) పాలు పెరుగుతుంది. బావిలోని వాయువుకూ, కప్పు దాటి వచ్చిన వాయువుకూ ఐసోటోప్ నిష్పత్తి చూస్తే ఎంత భాగం తినబడిందో అంచనా వస్తుంది. బీటల్లోంచి వచ్చినది ఏ మార్పూ లేకుండా వస్తుంది కాబట్టి, వాయువు ఏ దారిన వచ్చిందో కూడా కొంత తెలుస్తుంది.

తొలిమెట్టు

చదువుకుంటున్నవారి ప్రశ్న. భూమిని వేడెక్కించడంలో మీథేన్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో పోల్చేటప్పుడు కొందరు 28 రెట్లు అంటారు, కొందరు 80 రెట్లు అంటారు. ల్యాండ్‌ఫిల్ నివేదికలో ఏది వాడాలి?

లెక్కలబడి

రెండూ సరైనవే, కాలవ్యవధి వేరు. మీథేన్ గాలిలో సుమారు 12 ఏళ్లు ఉంటుంది. 100 ఏళ్ల మీద సగటు వేస్తే 27 నుంచి 30 రెట్ల మధ్య, 20 ఏళ్ల మీద వేస్తే సుమారు 80 రెట్లు. దేశాల ఉద్గార జాబితాలు 100 ఏళ్ల విలువను వాడతాయి కాబట్టి నివేదికలో అదే రాసి, పక్కన మీథేన్ టన్నులను విడిగా ఇవ్వండి. టన్నులు ఉంటే చదివేవారు తమకు కావలసిన గుణకంతో లెక్క వేసుకుంటారు.

ఊటబాట

ఇంత చర్చలో వాయువు తప్ప నీటి ఊసు రాలేదు. నేను ఊటనీటి మీద పని చేస్తాను, గుట్టలో వాయువునూ ఊటనూ విడదీసి కొలిచే అలవాటు చాలా నష్టం చేస్తోందని చెప్పడానికే రాస్తున్నాను.

చెత్త కొత్తగా ఉన్నప్పుడు గుట్ట ఆమ్ల దశలో ఉంటుంది. అప్పటి ఊటలో తేలికగా కుళ్లే కర్బనం చాలా ఎక్కువ, బీఓడీకీ (సూక్ష్మజీవులు కుళ్లబెట్టగల కర్బనానికి కావలసిన ప్రాణవాయువు) సీఓడీకీ (మొత్తాన్ని రసాయనంతో ఆక్సీకరించడానికి కావలసినది) నిష్పత్తి 0.4 పైన ఉంటుంది. మీథేన్ దశ స్థిరపడ్డాక ఆ కర్బనం వాయువైపోయి నిష్పత్తి 0.1 దిగువకు వస్తుంది. అందువల్ల ఊటలోని ఈ ఒక్క నిష్పత్తే గుట్ట ఏ భాగం ఏ దశలో ఉందో చెప్పగలదు, లెక్కలబడి గారి క్షయ స్థిరాంకాలకు అది మంచి సాక్ష్యం. కర్బనం తగ్గినంత మాత్రాన ఊట శుభ్రపడినట్టు కాదు. అమ్మోనియా తగ్గదు, ప్రాణవాయువు లేని గుట్టలో దాన్ని పోగొట్టే ప్రక్రియ లేదు. వాయువు ఆగిపోయిన తరువాత కూడా దశాబ్దాల పాటు ఊటను శుద్ధి చేయాల్సి రావడానికి ముఖ్య కారణం అదే. ఎంత కాలమైనా విడిపోని పీఫాస్ రసాయనాలు ఇప్పుడు దానికి తోడయ్యాయి.

అడుగున లైనర్ (ఊట దిగకుండా పరిచే పొర) లేని పాత గుట్టల దగ్గర భూగర్భజలంలో ఏం జరుగుతుందో డెన్మార్క్‌లోని వెయెన్, గ్రిన్‌స్టెడ్ గుట్టల మీద జరిగిన పరిశోధనలు బాగా చూపాయి. ఊట కలిసిన నీరు ప్రవహించే దిశలో ముందు మీథేన్ పుట్టే మండలం, తరువాత సల్ఫేట్, ఆ తరువాత ఇనుము, మాంగనీసు, నైట్రేట్ తగ్గే మండలాలు, చివరికి ప్రాణవాయువు ఉన్న నీరు వస్తాయి. ఈ మండలాల్లో కొన్ని కాలుష్యాలు విడిపోతాయి, కొన్ని కొత్తగా పుడతాయి కూడా. నేల రేణువులకు అంటుకుని ఉన్న సహజమైన ఆర్సెనిక్ ఇనుము కరిగే మండలంలో నీటిలోకి దిగవచ్చు. చెత్తలో ఆర్సెనిక్ లేదన్న వాదన అక్కడ పనికిరాదు.

ఇంకొకటి: గుట్ట వాయువే భూగర్భజలాన్ని పాడు చేయగలదు. వాయువుతో పాటు వినైల్ క్లోరైడ్ వంటి ఆవిర్లు భూమి పొరల్లో పక్కలకు పాకి, నీటి ప్రవాహానికి ఎగువన ఉన్న బోరులో కూడా తేలతాయి. ఎగువ బోరును శుభ్రమైన నీటికి కొలమానంగా పెట్టుకుని పోల్చేవారు ఈ సంగతి మరచిపోకూడదు.

పొరుగిల్లు

మా బోరు నీటి పరీక్షలో అమ్మోనియా, క్లోరైడ్ చూస్తే చాలని చెప్పారు. మీరు రాసినది చదివాక ఏమేమి అడగాలో తెలిసింది.

ఊటబాట

క్లోరైడ్ మంచి తొలి గుర్తు, మట్టిలో ఎక్కడా ఆగదు కాబట్టి ఊట ముందుగా చేరినట్టు చెబుతుంది. దానితో పాటు అమ్మోనియా, ఇనుము, మాంగనీసు, ఆర్సెనిక్, ఆవిరయ్యే కర్బన పదార్థాలు, నీటిలో కరిగిన మీథేన్ అడగండి. ఒక్కసారి పరీక్షతో తేల్చుకోకుండా ఎండ కాలంలో ఒకసారి, వానల తరువాత ఒకసారి చేయించండి.

బావికాపరి

ఊటబాట గారి మాటకు నా అనుభవం కలుపుతాను. నేను చూసిన ఒక చోట బావుల్లో వాయువు ఏటా తగ్గుతూ వచ్చింది, చెత్త కుళ్లడం అయిపోయిందని అందరూ సంతోషించారు. బావులు తెరిచి చూస్తే గొట్టాల రంధ్రాలు ఉన్న భాగం చాలా వరకు ఊటలో మునిగి ఉంది. వాయువు పుడుతూనే ఉంది, బావిలోకి రాలేక కప్పులోంచి పోతోంది. ఊటను తోడి పారేశాక సేకరణ మళ్లీ పెరిగింది. సేకరణ తగ్గిందని చూపి పుట్టుక తగ్గిందని రాసే నివేదికలు నాకు చాలా బాధ కలిగిస్తాయి.

తొలిమెట్టు

అలాంటప్పుడు బావుల్లో పీల్చే బలాన్ని పెంచేస్తే కప్పులోంచి పోయేది ఆగదా?

బావికాపరి

ఆగవచ్చు, గుట్ట అంటుకోవచ్చు కూడా. మితిమీరి పీలిస్తే కప్పు గుండా బయటి గాలి లోపలికి దిగుతుంది. ప్రాణవాయువు చేరిన చోట మీథేన్‌ను పుట్టించే జీవులు చచ్చిపోతాయి, చెత్త వేడెక్కుతుంది, లోపల మంట లేకుండా రగిలే నిప్పు మొదలవుతుంది. దాన్ని ఆర్పడానికి ఏళ్లు పట్టిన చోట్లు ఉన్నాయి. అందుకే ప్రతి బావిలోనూ ఉష్ణోగ్రత, ప్రాణవాయువు, నత్రజని చూస్తూ పీల్పును కొంచెం కొంచెంగా సర్దాలి. లోపలి నిప్పుకు గుర్తయిన కార్బన్ మోనాక్సైడ్ తేలితే ఆ బావిలో పీల్పును వెంటనే తగ్గించాలి.

ఊటబాట

ఊట గుట్టలో పేరుకోవడం వాయువు లెక్కను తప్పించడంతో ఆగదు, ప్రాణాలు తీస్తుంది. ఇండోనేషియాలోని ల్యూవిగాజా గుట్ట 2005 ఫిబ్రవరి 21న జారిపడి 140 మందికి పైగా చనిపోయారు. భారీ వానలు, గుట్ట లోపలి నీటి పీడనం, అంతకుముందు నుంచీ లోపల రగులుతున్న నిప్పు, ఇవన్నీ పరిశోధకులు చెప్పిన కారణాలు. వాయువు బృందం ఒక చోట, నీటి బృందం ఒక చోట, వాలు స్థిరత్వం చూసేవారు ఇంకొక చోట కూర్చుని వేర్వేరు నివేదికలు రాస్తే, ఒకే గుట్టలో ఒకదానికొకటి ముడిపడి ఉన్న ఈ మూడూ ఎవరి కంటా పడవు.

ఆకాశకన్ను

కొలిచి ఏం చేస్తామన్న ప్రశ్నకు కూడా జవాబు ఉంది. కుళ్లే చెత్తను గుట్టకు పంపకపోవడం అన్నిటికంటే పెద్ద మార్పు. జర్మనీ 2005 జూన్ 1 నుంచి శుద్ధి చేయని చెత్తను ల్యాండ్‌ఫిల్‌లో వేయడం ఆపేసింది. ఐరోపా సమాఖ్య 2035 కల్లా మున్సిపల్ చెత్తలో 10 శాతానికి మించి ల్యాండ్‌ఫిల్‌కు వెళ్లకూడదని 2018లో నియమం పెట్టింది. ఇప్పటికే పోసిన చెత్తకు మాత్రం వేరే దారి లేదు, ముందుగా బావులు వేయడం, కప్పును బాగు చేయడం, కారే చోట్లను వెతకడం, అంతే.

మట్టిపొర

బావులు లాభసాటి కాని పాత చిన్న గుట్టల మీద కంపోస్టు కలిపిన జీవకప్పు మంచి ఫలితం ఇస్తుంది, డెన్మార్క్‌లో దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించారు. వాయువు కప్పు కిందికి సమంగా పరుచుకునేలా కంకర పొర వేయడం మరవకూడదు, లేకపోతే ఒకే చోట తన్నుకు వచ్చి బ్యాక్టీరియాను దాటిపోతుంది.

నేలగాలి

అందరి జవాబులూ చదివి నివేదికను ఇలా రాయాలని నిర్ణయించుకున్నాను. నిబంధనలు అడిగిన పట్టికలో మోడల్ అంకె ఉంటుంది, దాని పక్కనే అది కొలత కాదని, ఏ స్థిరాంకాలతో వచ్చిందో, పాత రికార్డుల్లో ఏది లేదో ఉంటుంది. ఛాంబర్ల అంకెను మూసిన భాగంలో బీటలు లేని కప్పుకు మాత్రమే వర్తిస్తుందని రాస్తాను, గుట్ట మొత్తానికి గుణించను. ట్రేసర్ అంకెను గంటకు ఇన్ని కిలోలని, ఆ రోజు పీడనం ఎంత వేగంగా పడుతోందో కూడా చేర్చి రాస్తాను, వార్షిక అంకెగా మార్చను. పీడనం పెరిగే రోజున, నిలకడగా ఉన్న రోజున మళ్లీ కొలిచాకే వార్షిక అంచనా జోలికి వెళతాను. చెత్త పోస్తున్న భాగాన్ని విడిగా కొలవలేదన్న మాట మొదటి పేజీలోనే ఉంటుంది.

నడిపేవారు దీనికి ఒప్పుకోకపోతే ఏం చేయాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.

లెక్కలబడి

మోడల్ అంకె పట్టికలో ఉంది కాబట్టి నిబంధన ప్రకారం వారికి అభ్యంతరం ఉండకూడదు. కొలతల ముడి వివరాలను, గాలి వేగం, పీడనం, సమయం సహా, అనుబంధంగా జతచేయండి. కొలత తప్పని వారు అనుకుంటే ఆ వివరాల మీద వాదించాలి, అంకెను తీసేయమనకూడదు.

బావికాపరి

చెత్త పోస్తున్న భాగాన్ని కొలవడానికి ఒక మార్గం ఉంది. గాలి ఆ భాగం మీదుగా మాత్రమే వీచే రోజున, ఎసిటిలీన్ సిలిండర్లను మూసిన భాగం నుంచి తీసి చెత్త పోసే చోటి అంచుల్లో పెట్టండి. ధారలు రెండూ కలవకుండా ఉండేంత దగ్గరలో బండిని నడిపితే ఆ భాగానికి విడి అంకె వస్తుంది. లారీలు ఆగే సమయం అడిగి తెలుసుకోండి.

ఊటబాట

ఆ రోజే ప్రతి బావిలోనూ ఊట ఎంత లోతున ఉందో కొలిపించండి. వాయువు లెక్కతో పాటు ఆ లోతులు పక్కన లేకపోతే, సేకరణ ఎందుకు అంత తక్కువగా ఉందో తరువాత ఎవరూ చెప్పలేరు. అలాగే ప్రతి భాగం నుంచి ఒక సీసా ఊట తీసి బీఓడీ, సీఓడీ, అమ్మోనియా చూపించండి. ఫలితాలు వచ్చాక ఇక్కడ పెడితే, ఏ భాగం ఏ దశలో ఉందో నేనూ లెక్కలబడి గారూ కలిసి చూస్తాం.